కారాగార కావలి: మనిషి స్థానంలో యంత్రం – పల్నాడు, పరిసర ప్రాంతాల చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగులో ‘కాచు’ అనే క్రియకు రెండు అర్థాలు జంటగా నడుస్తాయి. కనిపెట్టి ఉండడం ఒకటి, కీడు సోకకుండా చూడడం మరొకటి. చేను కాస్తారు, గొడ్లను కాస్తారు, ఆపద తప్పినప్పుడు దేవుడు కాచాడంటారు. కాపు, కాపరి, కావలి, కాపాడు అన్నవి ఈ క్రియకు దగ్గరి చుట్టాలు. చెరసాల ముందు నిలిచే వ్యక్తిని కూడా తెలుగు సమాజం ఈ మాటతోనే కావలివాడని పిలిచింది. ఖైదు, జమాదారు, జైలు, వార్డరు వంటి పదాలు పాలకుల భాషల నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరినా, అతడు చేసే పనికి దేశ్యపదమే నిలిచింది. ఆ పదంలో బంధించేవాడూ రక్షించేవాడూ ఒకే మనిషిగా ఉండడం గమనించదగిన విషయం.

ఈ పనిని కెమెరాలకు, స్వయంచాలక తలుపులకు, కృత్రిమ మేధకు అప్పగించవచ్చునా అన్న చర్చ నేడు అనేక దేశాలలో సాగుతున్నది. ఆ చర్చ ఎక్కువగా ఖర్చు, సాంకేతిక సామర్థ్యం అన్న రెండు అంశాల చుట్టూనే తిరుగుతున్నది. కారాగార ఉద్యోగి స్థానంలో మరొకదాన్ని నిలపాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. తెలుగునేలపైనే ఒకప్పుడు ఖైదీని, మరొకప్పుడు రిజిస్టరును ఆ స్థానంలో నిలిపి చూశారు. కావలి పూర్తిగా సడలిన సందర్భమూ న్యాయస్థానాల తీర్పులలో నమోదై ఉంది. ఈ అనుభవాలను పల్నాడు నుంచి మొదలుపెట్టి పరిశీలిస్తే, కావలిలోని కనిపెట్టే సగాన్ని యంత్రం చాలావరకు తీసుకోగలదని, కాపాడే సగం మాత్రం జవాబు చెప్పవలసిన మనిషి లేనిచోట నిలవదని తేలుతుంది.

పల్నాటి బహిష్కారం

నాటి గుంటూరు జిల్లాలోని పల్నాడు తాలూకాకు ఒకవైపు కృష్ణానది, మరొకవైపు నల్లమల అడవులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత అడవిలో అధికభాగం రిజర్వు అయింది. అంతకుముందు గొడ్లను తోలుకుపోయిన బీళ్లకు పుల్లరి కట్టవలసి వచ్చింది. కట్టనివారి పశువులను బందెలదొడ్డికి తోలేవారు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం రుసుము చెల్లిస్తేగాని పశువు బయటికి రాదు. పల్నాటి రైతుకు బాగా పరిచయమైన చెరసాల ఆనాడు ఈ బందెలదొడ్డే అనవచ్చు. దాని ముందు నిలిచేవాడు, అడవి అంచున గొడ్లను పట్టేవాడు, పుల్లరి వసూలు చేసేవాడు రైతు కళ్లకు ఒకే వరుసలో కనిపించారు.

1921లో సహాయ నిరాకరణోద్యమం ఊపందుకున్నప్పుడు పల్నాటి గ్రామాలు ఎన్నుకొన్న ఆయుధం సాంఘిక బహిష్కారం. పుల్లరి కట్టకుండా పశువులను అడవిలోకి తోలడంతోపాటు, తాలూకాలో మకాం వేసిన ప్రభుత్వోద్యోగులకు సరుకులు అమ్మడం మానుకున్నారు. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి క్షౌరం చేయలేదు. ఉప్పూ పప్పూ, ఉతికిన బట్టా దొరకని ఉద్యోగి ఎంతటి అధికారం కలవాడైనా ఆ ఊళ్లో నిలవలేడు. ఉద్యమ చరిత్రకారులు దీన్ని ప్రజల ఐక్యతకు నిదర్శనంగా చెప్పారు. అది సత్యమే. అయితే ఇందులో మరొక సంగతి కూడా ఉంది. ఈ ఎత్తు పారడానికి కారణం, రాజ్యం కన్నుగా చేతిగా పనిచేసేది ఆ ఊరి బావి నీళ్లు తాగే మనిషి కావడమే. అతనికి ఆకలి ఉంది, ఊళ్లో తిరగవలసిన అవసరం ఉంది, నలుగురిలో మాట పడతానన్న జంకు ఉంది. పాలన మీద పాలితులకు చట్టం ఏ పట్టూ ఇవ్వని రోజుల్లో, పాలకుడి ఉద్యోగి మనిషి కావడమే వారికి దక్కిన పట్టు. విద్యుత్తు మీద నడిచే కన్నుకు చాకలితో పనిలేదు.

ఈ ఉద్యమ సందర్భంలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ 1921లో నిర్బంధితుడై ఏడాది జైలుశిక్షను అనుభవించాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలి అయ్యాడు. అధికారి మనిషి అయినంతమాత్రాన దయ కలుగుతుందన్న భ్రమకు ఈ రెండవ సంఘటన తావివ్వదు. తుపాకి పేల్చినవారూ మనుషులే. కాబట్టి మనిషి మంచివాడు, యంత్రం చెడ్డది అన్న సులువైన విభజనతో ఈ చర్చ తెగదు. మనిషి మీద పనిచేసే ఒత్తిడి, అతన్ని నిలదీయగల మార్గం ఏవి అన్నదే అసలు పరిశీలించవలసిన అంశం.

కావలివాడుగా ఖైదీ

వలస పాలనలోని జైళ్లలో జీతం తీసుకునే వార్డర్ల సంఖ్య ఎప్పుడూ అవసరానికి తక్కువే. ఆ కొరతను పూడ్చడానికి ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం ఖైదీలనే కావలికి పెట్టడం. కొంతకాలం శిక్ష అనుభవించి, ‘మంచి నడవడి’ కలవాడని అధికారులు మెచ్చిన ఖైదీని రాత్రి కావలివాడుగా, ఆ తరువాత ఓవర్‌సీరుగా, చివరకు కన్విక్టు వార్డరుగా పైకి తెచ్చేవారు. 1894 కారాగారాల చట్టంలోని 23వ సెక్షన్ ఇటువంటివారిని భారత శిక్షాస్మృతి దృష్టిలో ప్రభుత్వ సేవకులుగానే పరిగణించింది. జీతం ఖర్చు లేదు, సెలవు అడిగేవాడు లేడు, రాత్రంతా బ్యారక్ లోపలే ఉంటాడు. పాలకుల లెక్కల్లో ఇంతకంటే చవకైన కావలి మరొకటి లేదు.

దీని ఫలితాన్ని అండమాన్ సెల్యులర్ జైలు నుంచి బయటపడిన రాజకీయ ఖైదీల స్వీయచరిత్రలు విస్తారంగా నమోదు చేశాయి. తోటి ఖైదీ చేతిలోకి అధికారం వచ్చింది కాని, ఆ అధికారానికి జవాబు చెప్పవలసిన బాధ్యత రాలేదు. జైలరు తన చేతికి మట్టి అంటకుండా అతని ద్వారా పని జరిపించుకొన్నాడు. దెబ్బ తిన్నవాడు ఫిర్యాదు చేయబోతే అది ‘ఖైదీల మధ్య తగాదా’ అయింది. లంచం, తిండిలో కోత, వేధింపు అన్నీ ఈ నడిమి అంతస్తులోనే పెరిగాయి. కావలి ఖర్చు తగ్గించబోయిన ప్రతి ఏర్పాటులోనూ ఈ పోలిక కనిపిస్తుంది. పని చేతులు మారుతుంది, అధికారం మిగులుతుంది, జవాబుదారీ మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోతుంది. యంత్రం విషయంలో తయారీ సంస్థ, దాన్ని కొన్న శాఖ, దాన్ని నడిపే గుత్తేదారు అన్న మూడు అంతస్తులు ఏర్పడుతున్నాయి. నూరేళ్ల కిందటి కన్విక్టు వార్డరు కనీసం ఎవరో తెలిసిన మనిషి.

1919–20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన పనిచేసిన భారత జైళ్ల కమిటీ, శిక్ష లక్ష్యాలలో ఖైదీ సంస్కరణ ఒకటని స్పష్టంగా చెప్పింది. కార్డ్యూ మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన అధికారి. సంస్కరణ లక్ష్యమైతే కావలివాడి పని కేవలం తాళం వేయడం కాదు. నేడు జైళ్ల శాఖల పేర్లకు ‘సంస్కరణ సేవలు’ అన్న మాట చేరడం వెనుక ఉన్నది ఆ ఆలోచనే. పేరు మారినంత వేగంగా పని మారలేదన్నది వేరే సంగతి.

కావలిగా రిజిస్టరు

పల్నాడు ఉన్న ఆ గుంటూరు జిల్లాలోనే, బాపట్ల ప్రాంతంలో, మరొక రకం ప్రయోగం జరిగింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఆపైన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్మెంటు వెలసింది. ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. చుట్టూ జైలు గోడ లేదు. గోడ పని రిజిస్టరు చేసింది. పేరు నమోదు, వేలిముద్ర, వేళకు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ – ఇంతే. హాజరు పిలిచినప్పుడు పలకనివాడు నేరస్థుడు. అతడు ఏదైనా చేశాడా అన్న ప్రశ్నతో నిమిత్తం లేదు. పుట్టిన కులమే అతని మీద తీర్పు.

ఉన్నవ జైలులో రాసిన ‘మాలపల్లి’ నవలలో ఈ ప్రపంచం నీడ ఉంది. కథ సాగినకొద్దీ మాలపల్లి మనుషులు పొలాల నుంచి న్యాయస్థానానికి, అక్కడి నుంచి జైలుకు, సెటిల్మెంటుకు చేరతారు. సాహిత్య విమర్శ ఈ నవలను హరిజనోద్ధరణ, వ్యావసాయిక కూలీ, గాంధేయవాదం, సామ్యవాద ఛాయల దృష్టితో విరివిగా చర్చించింది. అందులోని నిర్బంధ సంస్థల చిత్రణకు దక్కిన శ్రద్ధ తక్కువ. మనిషిని చూడకుండా అతని మీద రాసి ఉన్న మాటను చూసే వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలుగు నవల అంత తొలిరోజుల్లోనే పట్టుకోవడం విశేషం.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. ఆ మాటలు మాత్రం జైలు నియమాలలో మిగిలాయి. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సర్వోన్నత న్యాయస్థానం, కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచే నియమాలను, విముక్త జాతులవారిని నేరస్వభావులుగా చూసే నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ వ్యాజ్యంలో ప్రస్తావనకు వచ్చిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. రద్దయిన చట్టపు భాష 72 ఏళ్ల తరువాత కూడా నియమావళిలో జీవించి ఉండడం కృత్రిమ మేధ చర్చకు నేరుగా సంబంధించిన విషయం. ఏ ఖైదీ ప్రమాదకారి, ఎవరు తిరిగి నేరం చేయవచ్చు, ఎవరికి పెరోలు ఇవ్వవచ్చు అని అంచనా వేసే సాధనాలకు మేత పాత రికార్డులే. రిజిస్టరులో ఉన్న పక్షపాతం యంత్రంలోకి ఎక్కినప్పుడు పోదు, గణితపు ముసుగు వేసుకుంటుంది. రిజిస్టరులో ఉన్నప్పుడు కనీసం చదివి, ఎత్తిచూపి, కోర్టులో సవాలు చేయగలిగారు. అంకెల లోపలికి వెళ్లిన కులాన్ని ఏ పిటిషనరు ఏ పేజీలో చూపగలడు?

హాజరు పద్ధతి కూడా కొత్త రూపంలో తిరిగి వస్తున్నది. కేంద్రం 2023లో రూపొందించిన నమూనా కారాగారాల చట్టం, సెలవుపై వెళ్లే ఖైదీలకు ఎలక్ట్రానిక్ పట్టీలు తొడిగే అవకాశం కల్పించింది. జైలులో మగ్గడం కంటే పట్టీతో ఇంట్లో ఉండడం మేలే కదా అన్న వాదనలో బలం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో మాత్రం సర్వోన్నత న్యాయస్థానం, బెయిలు పొందిన వ్యక్తి తానున్న చోటును గూగుల్ పటం ద్వారా దర్యాప్తు అధికారికి నిరంతరం తెలియజేయాలన్న షరతు చెల్లదన్నది. బెయిలు ఇచ్చిన తరువాత కూడా నీడలా వెంటాడే నిఘా వ్యక్తిగత గోప్యతను హరిస్తుందన్నది ఆ తీర్పు సారం. స్టువర్టుపురం హాజరుపట్టీ గుర్తున్న నేల మీద ఈ తీర్పు ప్రాధాన్యాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

కోయిలకుంట్ల, 1977

కావలి లోపించినప్పుడు ఏమవుతుందో తెలిపే సంఘటన రాయలసీమలో జరిగింది. పల్నాటివలెనే వర్గకక్షలు ఎరిగిన ప్రాంతమది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 ఏప్రిల్‌లో తండ్రీకొడుకులు ఇద్దరు నిర్బంధంలో ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని, తగిన కాపలా ఏర్పాటు చేయాలని ముందే అధికారులకు విన్నవించుకొన్నారు. మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారక ముందే దుండగులు సబ్‌జైలు ఆవరణలోకి చొరబడి వారున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు. కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు. ఆ తరువాతి కాలంలో శాసనసభ్యుడయ్యాడు.

పరిహారం కోసం వేసిన దావాలో ప్రభుత్వం చెప్పిన జవాబు సార్వభౌమ రక్షణ. జైలు నిర్వహణ రాజ్యానికి సహజంగా ఉన్న సార్వభౌమ విధి కాబట్టి, అందులో జరిగిన నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడిగే హక్కు పౌరుడికి లేదన్నది ఆ వాదం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అంగీకరించక 1,44,000 రూపాయలు వడ్డీతో సహా చెల్లించమన్నది. 2000లో సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును ఖాయపరిచింది. జీవించే హక్కు ఖైదీకీ ఉందని, ఆ హక్కును కాపాడడంలో విఫలమైన రాజ్యం సార్వభౌమత్వం చాటున దాగలేదని స్థిరపడింది.

ఈ తీర్పులో ‘కాచు’ క్రియ రెండు అర్థాలూ చట్టరూపం పొందాయి. లోపలివాడు పారిపోకుండా చూడడం ఎంత విధియో, బయటివాడు లోపలికి వచ్చి చంపకుండా చూడడం అంతే విధి. గమనించవలసిన మరో అంశం, నిర్లక్ష్యం రుజువైన తీరు. ఎవరు కావలికి నియమితులు, ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారు, ముప్పు సంగతి ఎవరికి ముందే తెలుసు అన్న ప్రశ్నలకు మనుషులను సాక్షిపీఠం ఎక్కించి జవాబులు రాబట్టడం సాధ్యమైంది. అదే రాత్రి కావలి ఒక కెమెరా వ్యవస్థదై, అది ప్రమాదాన్ని గుర్తించలేకపోయి ఉంటే, నిర్లక్ష్యం ఎవరిదని రుజువు చేయాలి? యంత్రానికి నిర్లక్ష్యం ఉండదు, లోపం మాత్రమే ఉంటుంది. లోపానికి వారంటీ ఉంటుంది, శిక్ష ఉండదు. మరోవైపు, ఆ రాత్రి కోయిలకుంట్లలో ఒక కెమెరా, ఒక హెచ్చరిక గంట ఉండి ఉంటే ఒక ప్రాణం దక్కేదేమో అన్న ఆలోచన కూడా న్యాయమైనదే. యంత్రం అక్కరలేదనడానికి కోయిలకుంట్ల ఆధారం కాదు. విన్నపం విని స్పందించవలసిన మనిషి స్పందించనిచోట యంత్రం ఒక్కటే ఏమి చేయగలదన్నదే అది లేవనెత్తే సందేహం.

కెమెరా వచ్చిన తరువాత

జైలులో కెమెరా పెట్టాలన్న ఆదేశం ఈ దేశంలో ఖైదీలను అణచడానికి కాక, ఖైదీలను ఉద్యోగుల నుంచి కాపాడడానికి వచ్చింది. 2015 జూలైలో డి.కె. బసు కేసులో సర్వోన్నత న్యాయస్థానం అన్ని జైళ్లలో సీసీటీవీ కెమెరాలు అమర్చాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో పోలీసు స్టేషన్లకు దాన్ని వివరంగా విస్తరిస్తూ, దృశ్యాలను ఏడాదికి తక్కువ కాకుండా భద్రపరచాలన్నది. దీనికి నేపథ్యం చిన్నది కాదు. 1979 నాటి సునీల్ బాత్రా రెండవ కేసుకు మూలం తీహార్ జైలులో ఒక హెడ్ వార్డరు, బంధువుల నుంచి డబ్బు రాబట్టడానికి ఒక ఖైదీని హింసించడమే. తోటి ఖైదీ రాసిన ఉత్తరాన్నే న్యాయస్థానం పిటిషన్‌గా స్వీకరించింది. మనిషి కావలిని ఆకాశానికెత్తే ఏ వాదమైనా ఈ కేసు ముందు ఆగక తప్పదు.

అయితే కెమెరా చూసినదాన్ని ఎవరు చూస్తారు? అది జైలరు గదిలోని తెర మీదనే కనిపిస్తే, కావలివాడి మీద కావలి ఆ కావలివాడి చేతిలోనే ఉన్నట్టు. ఒకచోట కూర్చుని అందరినీ చూడగల చెరసాల నమూనాను 1787లో ఊహించిన ఇంగ్లీషు తాత్వికుడు జెరెమీ బెంథామ్ కూడా, సామాన్య ప్రజలు వచ్చి ఆ చూసేవాణ్ణి పరీక్షించే ఏర్పాటు ఉండాలన్నాడు. ఆయన నమూనాలోని గోపురాన్ని ప్రపంచం గుర్తుంచుకుంది, ప్రజలకు తెరిచిన తలుపును మరిచింది.

ఇక కొరత సంగతి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరకు దేశంలో ఖైదీలు 5,73,220 మంది. జైళ్ల సామర్థ్యం 4,36,266. ఖైదీలలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే, అంటే ఇంకా నేరం రుజువు కానివారు. మంజూరైన ఉద్యోగాలలో సుమారు మూడు పదుల శాతం ఖాళీగా ఉంటున్నాయి. ఈ పరిస్థితిలో యంత్రం ఆశగా కనిపించడం సహజం. ఉత్తరప్రదేశ్ 2019లో సుమారు 70 జైళ్లలో కెమెరా దృశ్యాలను విశ్లేషించే కృత్రిమ మేధ వ్యవస్థను ప్రవేశపెట్టింది. హాంకాంగ్ జైళ్లలో చేతిపట్టీలు, నడవడిలో తేడాను పసిగట్టే కెమెరాలు వచ్చాయి. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2012లో వరండాల్లో తిరిగే రోబో కావలిని పరీక్షించారు. అది ఖైదీలతో మాట్లాడే సౌకర్యం కూడా ఉన్న యంత్రం. మాట మాత్రం దానిది కాదు, దూరంగా కూర్చున్న ఉద్యోగిది. ఈ ప్రయోగాల్లో ఏదీ ఉద్యోగిని పూర్తిగా తొలగించలేదు. తెర ముందుకు మార్చింది.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో చాలా ముందే ఒక అడుగు వేసింది. ఖైదీలను కోర్టుకు తీసుకువెళ్లడానికి ఎస్కార్టు పోలీసులు దొరకని ఇబ్బందిని తీర్చడానికి, రిమాండు పొడిగింపు వేళ వీడియో ద్వారా హాజరుపరిచే వీలు కల్పిస్తూ 2000ల ఆరంభంలోనే నేర విచారణ స్మృతిని రాష్ట్రం సవరించుకొంది. దేశమంతటికీ అటువంటి సవరణ 2008 తరువాతనే వచ్చింది. నరసరావుపేట, గురజాల వంటి చోట్ల సబ్‌జైలులో ఉన్న విచారణ ఖైదీకి దీనివల్ల ప్రయాణ శ్రమ తప్పుతుంది, తేదీ తప్పదు. అది నిజమైన మేలు. కాని మేజిస్ట్రేటు ముందు నిలబడడం కేవలం పేరు పలకడం కాదు. ఒంటి మీది దెబ్బ చూపడానికి, నడవలేకపోతున్నాడని తెలియడానికి, వరండాలో తల్లి ముఖం చూడడానికి అదే సందర్భం. తెర మీద ముఖం మాత్రమే కనబడుతుంది. ఆ ముఖం పక్కన కెమెరాకు అందని చోట ఎవరు నిలబడి ఉన్నారో మేజిస్ట్రేటుకు తెలియదు.

యంత్రం వేగం ఎక్కడ ఆగిపోతుందో చూపే ఉదాహరణ గుజరాత్‌లో ఉంది. 2020లో హైకోర్టు ఒక ఖైదీ శిక్షను నిలిపి విడుదలకు ఆదేశించింది. ఉత్తర్వు ఈమెయిలులో జైలుకు చేరింది. జతపరిచిన పత్రాన్ని తెరవలేకపోయామన్న కారణంతో అతన్ని విడుదల చేయలేదు. దాదాపు మూడేళ్లు అతడు ఊరికే జైలులో ఉండిపోయాడు. 2023లో హైకోర్టు లక్ష రూపాయల పరిహారం ఇప్పించింది. కోర్టు ఉత్తర్వులు జైళ్లకు చేరడంలోని ఆలస్యంపై ప్రధాన న్యాయమూర్తిగా ఎన్.వి. రమణ 2021లో ఆవేదన చెందిన ఫలితంగా, మరుసటి ఏడాది సర్వోన్నత న్యాయస్థానం ‘ఫాస్టర్’ అనే ఎలక్ట్రానిక్ ప్రసార వ్యవస్థను ప్రారంభించింది. అవసరమైన పనే. అయినా గుజరాత్ ఖైదీ విషయంలో సందేశం చేరింది కదా! చేరిన సందేశం తెరుచుకోకపోతే ఫోను చేసి అడగవలసిన ఒక ఉద్యోగి బాధ్యత అక్కడ లోపించింది. ప్రతిదీ యంత్రం చూసుకుంటుందన్న ధీమా పెరిగినచోట ఈ లోపం తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది జైళ్ల శాఖలు ఆలోచించుకోవలసిన విషయం.

జైళ్లలో సంభవించే అసహజ మరణాలలో అత్యధికం ఆత్మహత్యలు. 2022లో నమోదైన 159 అసహజ మరణాలలో 119 ఆత్మహత్యలే. ఉరి బిగిసినప్పుడు గుర్తించి గంట మోగించే కెమెరా ఒక ప్రాణాన్ని నిలపగలదు. దాన్ని వద్దనేవారెవరూ ఉండరు. దానికి రెండు రోజుల ముందు ఆ మనిషి అన్నం ముట్టలేదని, ములాఖాత్‌కు ఇంటివారు రావడం మానేశారని, పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడని గమనించేది మాత్రం పూటపూటా కొట్టు ముందు నడిచే వార్డరు. ఇరవై ముప్పై మంది మాత్రమే ఉండే చిన్న సబ్‌జైలులో ఇది మరింత సాధ్యం. అక్కడ వార్డరుకు ఖైదీ ఊరు తెలుసు, కక్ష ఎవరితోనో తెలుసు, ఏ ఇద్దరిని ఒకే కొట్టులో పెట్టకూడదో తెలుసు. పల్నాడు వంటి చోట ఈ చివరి తెలివిడి ప్రాణరక్షణతో సమానం. ఇది ఏ రిజిస్టరులోనూ ఉండదు కాబట్టి యంత్రానికి అందదు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు తెలుగులో విలువ పొందడానికి ఒక కారణం, శిక్ష కాగితంలో లేని మనిషిని అవి చూపడమే.

జైలు ద్వారం వద్ద సోదా కూడా కావలిలో భాగమే. లోపలికి వచ్చేదాన్ని, బయటికి పోయేదాన్ని పరీక్షించే అధికారం ద్వారపాలకుడికి 1894 చట్టమే ఇచ్చింది. నేడు ఆ పనికి స్కానర్లు వచ్చాయి. ఉత్తరాలు చదివి, ఫోను సంభాషణలు విని అనుమానాస్పద పదాలను ఏరే కృత్రిమ మేధ సాధనాలు అమెరికా జైళ్లలో వాడుకలోకి వచ్చాయి. మత్తుమందు, ఆయుధం లోపలికి రాకుండా ఆపడంలో మనిషి కంటే యంత్రం మెరుగని ఒప్పుకోవాలి. దానికి లంచం ఇవ్వలేరు. కాని ద్వారం దాటేవి వస్తువులు మాత్రమే కావు. రాయవెల్లూరు జైలులో ఉన్నవ రాసిన ‘మాలపల్లి’ కూడా ఒక ద్వారం దాటింది. కూలి, కులం, జైలు, రాజ్యం అన్న మాటలతో నిండిన ఆ రాతప్రతి మద్రాసు ప్రభుత్వపు కారాగారంలో పుట్టి 1922లో అచ్చుకు చేరింది. అచ్చయిన కొద్దికాలానికే ఆ ప్రభుత్వమే నవలను నిషేధించింది. అంటే సచివాలయం తరువాత ఆపిన మాటలను జైలు ఆపలేదు. అది అనుమతో, ఉదాసీనతో, భాష మీద గౌరవమో, చదివే ఓపిక లేకపోవడమో, ఏదైనా కావచ్చు. వీటిలో ఏదైనా అది ఒక మనిషి చేసిన, లేదా చేయకుండా ఊరుకున్న పనే. నిషిద్ధ పదాల పట్టిక ఇచ్చి ద్వారం వద్ద నిలిపిన యంత్రం ఆ రాతప్రతిని మొదటి పుటలోనే పట్టేసేది.